మార్చి 25: వాల్టర్ టల్ కాగితాలు

మార్చి 25, రాత్రి.

ఆఫీసు, ట్రాఫిక్, భోజనం ఎప్పటిలాగే. ఆ తర్వాత ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు, సైన్యంలో ఆఫీసరూ అయిన వాల్టర్ టల్ వివరాలు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో ఇదే తేదీన ఉత్తర ఫ్రాన్సులో ఫావ్రెయ్ ఊరి దగ్గర చనిపోయాడు. అప్పటికి ఇంకా ముప్పై నిండలేదు.

ఎవరు రాసినా ఇతన్ని 'మొదటి నల్లజాతి' ఏదో ఒకటిగానే పరిచయం చేస్తారు. అది నిలిచే మాట కాదు. ప్రొఫెషనల్ ఆటగాళ్లలో ఆర్థర్ వార్టన్ ఇతనికంటే ముందువాడు. సైన్యంలో జార్జ్ బెమాండ్‌కి ఆఫీసరు హోదా 1915లోనే వచ్చింది. టల్‌కి వచ్చింది 1917 మే 30న. ఆ బిరుదు పక్కన పెట్టి ఆట చూద్దామంటే, ఆట గురించి రాసేవాళ్లే తక్కువ.

పుట్టింది ఇంగ్లండులోని ఫోక్‌స్టన్‌లో. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి. తొమ్మిదేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, లండన్ అనాథాశ్రమంలో పెరిగాడు. 1909లో లండన్ క్లబ్బు టాటెన్‌హామ్ తీసుకుంది: చేరినందుకు 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్లు. ఎంత పెద్ద ఆటగాడికైనా లీగ్ పెట్టిన గరిష్ఠ జీతం ఆ నాలుగే. ఆ అక్టోబరులో బ్రిస్టల్‌లో ప్రేక్షకులు కొందరు రంగు పట్టుకుని బూతులు తిట్టారు. ఆ తర్వాత కొద్ది మ్యాచ్‌లకే రిజర్వు జట్టులోకి వెళ్లాడు.

అసలు ఆటగాడు కనిపించేది 1911 తర్వాత, నార్తాంప్టన్ క్లబ్బులో. మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్. అప్పటి జట్లు 2-3-5లో, అంటే వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు ఐదుగురుగా ఆడేవి. టాటెన్‌హామ్‌లో ముందు ఐదుగురిలో ఒకడైన టల్ ఇక్కడ మధ్య ముగ్గురిలో (వీళ్లనే హాఫ్‌లు అంటారు) ఒక పక్కన ఆడే వింగ్ హాఫ్‌గా కుదురుకున్నాడు. ఎదుటి ఫార్వర్డ్‌ని అడ్డుకోవాలి, బంతి చిక్కగానే ముందున్నవాళ్లకు అందించాలి, మళ్లీ వెనక్కి పరిగెత్తాలి. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులు. ఎవడైనా దెబ్బ తగిలి బయటికెళ్తే మిగతా పదిమందే లాక్కురావాలి, ఆ భారం ఎక్కువగా పడేది హాఫ్‌ల మీదే. పైగా ఆ బంతి! రబ్బరు బ్లాడరు మీద తోలు, దాన్ని బిగించే తోలు లేసు. మొదలుపెట్టేటప్పుడు 13 నుంచి 15 ఔన్సులు ఉండాలని నియమం. వానలో తోలు నీళ్లు పీల్చుకుంటే ఆ తూకం లెక్క తప్పేది. లేసు వైపు నుదుటికి తగిలితే చర్మం చీరుకుపోయేది. అలాంటి ఆటలో నార్తాంప్టన్‌కి 111 మ్యాచ్‌లు ఆడాడు.

1914 డిసెంబరులో ఫుట్‌బాలర్ల బెటాలియన్‌లో, అంటే 17వ మిడిల్‌సెక్స్‌లో చేరాడు. 1916లో గుండ్ల మోతకు నరాలు దెబ్బతిని ఇంటికి పంపితే, కోలుకుని సోమ్ యుద్ధానికి తిరిగొచ్చాడు. ఆఫీసరు కావాలంటే స్వచ్ఛమైన ఐరోపా సంతతివాడై ఉండాలని నిబంధన ఉన్న సైన్యం అది. అయినా శిక్షణకు పంపి హోదా ఇచ్చారు. 1918 జనవరిలో ఇటలీలో 26 మందితో పియావే నది దాటి దాడి చేసి, ఒక్కరినీ పోగొట్టుకోకుండా వెనక్కి తెచ్చాడు. డివిజన్ జనరల్ లాఫర్డ్ అతని నిబ్బరాన్ని మెచ్చుకున్నాడు.

చివరి రోజున, లెస్టర్ ఫోస్ క్లబ్బుకు గోల్‌కీపర్‌గా ఆడిన సిపాయి టామ్ బిల్లింగ్‌హామ్ అతన్ని మోసుకురాబోయాడు. జర్మన్లు మీదికొచ్చేయడంతో వదిలేయక తప్పలేదు. శరీరం దొరకలేదు కాబట్టి సమాధి వెతికితే దొరకదు. ఫ్రాన్సులోని అరాస్ స్మారకం గోడ మీద 7వ బేలో (భాగంలో) పేరు చూడాలి.

ఇలాంటివాళ్ల గురించి వెతికేవాళ్లకు ఒక మాట. ముందు కామన్వెల్త్ సమాధుల సంస్థ సైటులో ఇంటిపేరు, చనిపోయిన తేదీ కొట్టండి. పేరొక్కటే కొడితే అదే పేరువాళ్లు బోలెడుమంది వస్తారు. సిపాయిల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా 1940 బాంబు దాడిలో తగలబడ్డాయి. ఆఫీసర్ల అసలు సర్వీసు ఫైళ్లూ అప్పుడే పోయాయి. విడిగా ఉన్న వాళ్ల ఉత్తరప్రత్యుత్తరాల ఫైళ్లు మాత్రం చాలావరకు మిగిలాయి, లండన్‌లోని క్యూలోని జాతీయ పత్రాల భాండాగారంలో ఉన్నాయి. బెటాలియన్ ఏ రోజు ఏం చేసిందో రాసిపెట్టిన డైరీలూ అక్కడే. వాటిలో సాధారణంగా ఆఫీసర్లకే పేర్లుంటాయి, సిపాయిలు ఎంతమంది పోయారో అంకె మాత్రం వేస్తారు. అందుకని బిల్లింగ్‌హామ్ లాంటి సిపాయి కోసమైతే డైరీలతో మొదలుపెట్టకండి. ముందు మెడల్ కార్డులో (పతకాలు పొందినవాళ్ల సూచిక కార్డు) రెజిమెంటు చూసి, అది చూపించే మెడల్ రోల్‌లో (పతకాల జాబితాలో) ఏ బెటాలియనో తేల్చుకున్నాకే వాటి జోలికి వెళ్లండి.