మాట ఆలస్యమైతే ఎదురుచూడకండి
గుంటూరులో మా వీధి అంగన్‌వాడీ దగ్గర తరచుగా వినిపించే మాట, "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, వీడికీ వస్తాయి" అన్నది. ఆ ధీమా నన్ను కలవరపెడుతుంది. ఏడాదిన్నరకు నడక రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ముఖ్యంగా వచ్చిన మాటలు పోయినా, వెంటనే పిల్లల వైద్యునికి చూపించాలి. మాట రాని బిడ్డకు మొట్టమొదట వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించి, అనుమానం ఉన్నవారిని ఎదుగుదల లోపాలను తొలిదశలోనే గుర్తించి చికిత్స చేసే జిల్లా స్థాయి కేంద్రం డీఈఐసీకి పంపాలి. ఈ పరీక్షలో తేడా కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, లోతుగా చూడాలని మాత్రమే అర్థం. మెదడు వేగంగా ఎదిగే తొలి మూడేళ్లలో మొదలుపెట్టిన స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ ఎక్కువ మేలు చేస్తాయి కనుక, బడిలో వేసేదాకా ఆగమని ఇంట్లో పెద్దలు చెప్పినా ఆగవద్దని తల్లులను వేడుకుంటున్నాను.