ఆ 30 ఎక్కడి నుంచి వచ్చింది? నా ప్రాజెక్టు అనుభవం

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా నిన్న ముగిసింది. మనసులో మంట చల్లారకముందే రాస్తున్నాను. జంట కృష్ణబిలాలు వెలువరించే గురుత్వ తరంగాలకు (స్థలకాలంలో పుట్టే అలలకు) మోడల్ కట్టి, 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో డిటెక్టర్లు పట్టుకున్న తొలి సంకేతంతో పోల్చి చూడటం నేను ఎంచుకున్న పని.

డేటాకు ఇబ్బంది లేదు. హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌లలోని లైగో కేంద్రాల డేటా ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. రొద వడకట్టి 35 నుంచి 350 హెర్ట్జ్ వరకు ఉంచుకుంటే, సెకనులో ఐదో వంతు సాగిన ఆ సంకేతం కంటికే కనిపిస్తుంది.

మోడల్ దగ్గర చెమటలు పట్టాయి. బిలాలు ఎడంగా తిరుగుతున్నంతసేపు పోస్ట్-న్యూటోనియన్ పద్ధతి సరిపోతుంది. న్యూటన్ లెక్కకు ఒక్కో సవరణా చేర్చుకుంటూ పోవాలి. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో పనిచేసిన బాల అయ్యర్, బ్లాంషే, దమూర్ తదితరులతో కలిసి 1995లో రాసిన పేపరు చదవకుండా ఎవరూ ఈ దారి పట్టవద్దు. వేగం కాంతివేగంలో సగానికి చేరే చివరి చుట్లలో ఆ సవరణలు చేతులెత్తేస్తాయి. అక్కడ ఐన్‌స్టీన్ సమీకరణాలను కంప్యూటర్‌తో నేరుగా సాధించిన ఫలితాలే దిక్కు. 2005లో ప్రిటోరియస్ అనే శాస్త్రవేత్త సాధించేదాకా రెండు బిలాల కలయికను అలా పూర్తిగా లెక్కించడం ఎవరివల్లా కాలేదు.

ఈ రెండింటినీ కలిపిన మోడల్‌ను డేటా మీద నడిపాను. చర్ప్ మాస్ 30 సూర్య ద్రవ్యరాశులకు కాస్త పైన తేలింది. తరంగం పౌనఃపున్యం ఎంత త్వరగా పెరగాలో నిర్ణయించే సంఖ్య అది. ఆ రెండు బిలాలకు ప్రచురితమైన 36, 29 సూర్య ద్రవ్యరాశులతో లెక్కిస్తే మాత్రం 28 వస్తుంది.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగారు. "చూడమ్మా, లోకమంతా 28 అంటుంటే నీ ఒక్కదానికే 30 వచ్చిందా? ప్రోగ్రాం రాయడం రాకపోతే సీనియర్లను అడగాల్సింది" అన్నారు. హాలంతా నవ్వింది.

"రెడ్‌షిఫ్ట్ వల్ల సర్" అని మొదలుపెట్టాను. విశ్వం వ్యాకోచించడంతో దారిలో తరంగం సాగిపోవడమే రెడ్‌షిఫ్ట్.

"అది గెలాక్సీల వెలుగుకమ్మా, బరువుకు కాదు."

మళ్లీ నవ్వులు. మా గైడు తల వంచుకుని కాగితాలు తిరగేస్తూ కూర్చున్నారు. ఆ మౌనం నన్ను ఇంకా ఎక్కువ బాధించింది.

అడగకుండానే బోర్డు దగ్గరికి వెళ్లాను. తరంగ సమీకరణాల్లో ద్రవ్యరాశి విడిగా రాదు. గురుత్వ స్థిరాంకంతో గుణించి, కాంతివేగం ఘనంతో భాగించిన రూపంలో, అంటే కాలంగా వస్తుంది. సూర్యుడి ద్రవ్యరాశి అక్కడ 4.925 మైక్రోసెకన్లు. ఆ తరంగం దాదాపు 130 కోట్ల కాంతి సంవత్సరాలు దాటి వచ్చేలోగా విశ్వం వ్యాకోచించి, అందులోని ప్రతి కాలవ్యవధీ సుమారు 1.09 రెట్లు సాగింది. కాలం సాగితే ద్రవ్యరాశీ అదే నిష్పత్తిలో పెరిగినట్టు కనిపిస్తుంది. 28ని 1.09తో గుణించి చూపించాను. డిటెక్టర్ దగ్గర కనిపించే ద్రవ్యరాశి వేరు, మూలం దగ్గర ఉన్నది వేరు అని లైగో మొదటి పేపరులోనే ఉంది.

"సరే, తర్వాతి స్లయిడు" అన్నారాయన. పొరపాటున కూడా క్షమించమనలేదు. విద్యార్థిని నలుగురిలో చిన్నబుచ్చే ముందు ఆ పేపరు ఒక్కసారి తిరగేసి రావడం పరీక్షకుడి కనీస బాధ్యత. నేను ఆ లెక్కను ఎవరి సాయమూ లేకుండా తేల్చాను, అందుకు గర్వపడుతున్నాను.

ఈ ప్రాజెక్టు తీసుకునేవారు ప్రతి ద్రవ్యరాశి పక్కనా అది ఎక్కడిదో రాసుకోండి. 2017 ఆగస్టు 17 నాటి న్యూట్రాన్ తారల సంకేతంతోనూ సరిచూసుకోవచ్చు. మూలం 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉండటంతో అక్కడ తేడా బాగా తక్కువ: చర్ప్ మాస్ డిటెక్టర్ దగ్గర 1.1977, మూలం దగ్గర 1.188 సూర్య ద్రవ్యరాశులు. నా థీసిస్ అనుబంధంలో అదీ పెట్టాను. ఆ పేజీ ఎవరూ తెరవలేదు.