బెర్లిన్ పాత ఇంట్లో పొగగొట్టం మార్పించుకున్న నా అనుభవం

జర్మనీలో ఆల్ట్‌బౌ ఇల్లు, అంటే సాధారణంగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన పాత అపార్ట్‌మెంట్, అద్దెకు దొరికితే మనవాళ్లు ముందు దాని ఎత్తయిన సీలింగూ, చెక్క ఫ్లోరూ చూస్తారు. బాత్‌రూమ్ గోడకి వేలాడే గ్యాస్ బాయిలర్‌నీ, దాని పైనుంచి గోడలోకి పోయే పొగగొట్టాన్నీ ఎవరూ అంతగా పట్టించుకోరు. ఇలాంటి ఇంట్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఆ గొట్టం సంగతి తప్పకుండా తెలుసుకోవాలని నా కోరిక. అందుకే 2022 శీతాకాలంలో మా ఇంట్లో జరిగినదంతా రాస్తున్నాను.

మా బిల్డింగ్ పాత తూర్పు బెర్లిన్‌లో ఉంది. ఆ ప్రాంతంలో 1990ల దాకా చాలా ఇళ్లకి బొగ్గు పొయ్యిలే ఆధారం. ఇటుక గోడల్లోనే పొగ పోయే సందులు కట్టి ఉంటాయి. తర్వాత ఒక్కో ఫ్లాట్‌కీ గ్యాస్ బాయిలర్ పెట్టారు. ఇక్కడే ఒక చిక్కుంది. బొగ్గు పొగ బాగా వేడిగా ఉంటుంది కాబట్టి గొట్టం పొడిగా ఉండేది. గ్యాస్ అలా కాదు. ఒక ఘనపు మీటరు సహజ వాయువు మండితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. పొగ 55 డిగ్రీల దగ్గరికి చల్లబడితే ఆ ఆవిరి నీరుగా మారి ఇటుకల్లోకి ఇంకుతుంది. గోడ మీద గోధుమరంగు మరకలు తేలతాయి, వాసన వస్తుంది, సున్నం గార రాలిపోతుంది. అలా కాకుండా ఇటుక సందు లోపల స్టీలు పైపు దింపుతారు. దాన్నే లైనర్ అంటారు. మా మూడో అంతస్తు ఫ్లాట్ లైనర్ బాత్‌రూమ్ గోడలో మొదలై, పై అంతస్తులూ అటకా దాటి కప్పు మీద తేలుతుంది.

ఈ గొట్టాలను చూసుకునే మనిషి షోర్న్‌ష్టైన్‌ఫేగర్. ఏ రోజు, ఏ టైముకి వస్తాడో కాగితం మీద రాసి ముందే బిల్డింగ్ తలుపుకి అంటించి వెళ్తాడు. మనం ఇంట్లో ఉండి తలుపు తీయాలి. ఇది చట్టం. గదిలో గాలి తీసుకుని మండే మా బాయిలర్ లాంటివాటికి పొగ దారి తనిఖీ ఏటా జరుగుతుంది. నల్ల యూనిఫాం, బంగారు రంగు బొత్తాలు. ఆయన ఎదురైతే అదృష్టమని జర్మన్లు నమ్ముతారు, కొందరు ఆ బొత్తాన్ని ముట్టుకుంటారు కూడా. మా పాప ఆ బొత్తాలనే చూస్తూ నిలబడింది.

ఆయన మొదట కిటికీలూ తలుపులూ మూయించాడు. బాయిలర్‌ని పూర్తి వేడి మీద నడిపించాడు. వంటింట్లో పొయ్యి మీది ఎగ్జాస్ట్ చూసి, గాలి బయటికి తోస్తుందా, లోపలే ఫిల్టర్ చేసి వదులుతుందా అని అడిగాడు. మాది లోపలే తిరిగే రకం. ఎందుకు అడిగారన్నాను. గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ అయితే గదిలో ఒత్తిడి తగ్గి, పైకి పోవాల్సిన పొగని కిందికి లాగేస్తుందట. అలాంటి చోట కిటికీ తెరిస్తేనే ఎగ్జాస్ట్ నడిచేలా స్విచ్ ఉండాలి. ఎండుమిరపకాయల పోపు ఘాటుకి తట్టుకోలేక మనవాళ్లు పెద్ద ఎగ్జాస్ట్ పెట్టించుకుందామనుకుంటారు కదా. బాయిలర్ ఉన్న ఇంట్లో షోర్న్‌ష్టైన్‌ఫేగర్‌ని అడక్కుండా ఆ పని చేయించకండి.

తర్వాత ఆయన జేబులోంచి చిన్న అద్దం తీశాడు. దానికి పొడుగు కాడ ఉంది. బాయిలర్ పైభాగంలో, పొగ గొట్టంలోకి ఎక్కే చోటికి పక్కన ఒక ఖాళీ ఉంటుంది. అక్కడ అద్దం పట్టుకున్నాడు. పొగ సరిగ్గా పైకి పోతుంటే గదిలోని గాలి ఆ ఖాళీలోంచి లోపలికి వెళ్తుంది, అద్దం తేటగా ఉంటుంది. మా అద్దం మీద క్షణాల్లో ఆవిరి కమ్మేసింది. కట్టెల పొయ్యి మీది పొగగూడు మూసేస్తే పొగ వంటింట్లోకే తిరిగొచ్చినట్టు, మా బాయిలర్ పొగ బాత్‌రూమ్‌లోకి వస్తోంది. ఆయన కిటికీ తెరిచి మళ్లీ పట్టి చూశాడు. మళ్లీ అదే.

ఆ తర్వాత పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎంత ఉందో కొలిచాడు. 500 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 500 భాగాలు, దాటితే సర్వీసింగ్ చేయించమంటారు. 1000 దాటితే లోపంగా రాస్తారు, బాగు చేయించి ఆరు వారాల్లోపు మళ్లీ కొలిపించుకోవాలి. మాది 1000 దాటింది. అది ఒక్కటే అయితే ఆరు వారాల గడువు ఉండేది. పొగ వెనక్కి వస్తుంటే మాత్రం గడువు మాటే లేదు. ఆయన గ్యాస్ వాల్వు మూసి, ఎర్ర స్టిక్కర్ అంటించి, లోపాల కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. "ఎవరు చెప్పినా సరే, నేను వచ్చి చూసేదాకా దీన్ని వెలిగించొద్దు" అన్నాడు.

బయట సున్నా కింద చలి. ఇంట్లో చిన్నపాప. ఆ క్షణంలో నాకు టెన్షన్ వచ్చిన మాట నిజం. కానీ ఆయన చేసిన పని నూటికి నూరుపాళ్లు సరైనది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తే జలుబో, నిద్ర చాలకో అనుకుంటాం. సీలింగుకి బిగించిన పొగ అలారం దాన్ని పసిగట్టదు. బెర్లిన్ ఇళ్లలో పొగ అలారం తప్పనిసరే కానీ, కార్బన్ మోనాక్సైడ్ అలారం మనమే కొనుక్కోవాలి. ఆ సాయంత్రమే ఈఎన్ 50291 అని, అంటే ఈ అలారాలకి ఉన్న యూరప్ ప్రమాణం, ముద్ర ఉన్నది చూసి కొన్నాను. అది మోగితే కిటికీలు తెరిచి, అందరూ బయటికి వచ్చి, 112కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పాను.

అసలు ప్రయాస అక్కడి నుంచి మొదలైంది. ఇంటి యజమాని తరఫున బిల్డింగ్‌ని చూసుకునే ఆఫీసుకి ఫోన్ చేస్తే, బాయిలర్ మెకానిక్‌ని పంపుతాం అన్నారు. మెకానిక్ వచ్చాడు. బర్నర్ విప్పితే లోపల బట్టల నూగు, దుమ్ము దట్టంగా పేరుకుని ఉంది. బాత్‌రూమ్‌లోనే వాషింగ్ మెషీన్ ఉంటుంది కాబట్టి ఆ నూగంతా బాయిలర్ పీల్చుకుంటుంది. శుభ్రం చేశాడు. నా వంతు అయిపోయింది, గొట్టం సంగతి నాకు సంబంధం లేదన్నాడు. ఆఫీసువాళ్లేమో సర్వీసింగ్ అయిపోయింది కాబట్టి ఇక బాయిలర్ వేసుకోవచ్చన్నారు. స్టిక్కర్ మాత్రం అలాగే ఉంది.

నాకు తర్వాత బోధపడింది ఏమిటంటే, మా ఇంట్లో ఉన్నది ఒక సమస్య కాదు, రెండు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ రావడానికి బర్నర్‌లోని మురికి కారణం. పొగ వెనక్కి రావడానికి గొట్టం కారణం. మొదటిది మెకానిక్ పని, రెండోది షోర్న్‌ష్టైన్‌ఫేగర్ పని. ఒకరి పని అయితే రెండోది కూడా అయిపోయిందని ఆఫీసువాళ్లు అనుకుంటారు. ఇక ఫోన్లు మానేసి రాతపూర్వకంగా పంపాను. లోపాల కాగితం నకలు జతచేసి, వేడీ వేడినీళ్లూ ఏ తేదీ నుంచి లేవో రాసి, ఏ తేదీలోపు బాగు చేయించాలో గడువు పెట్టి, అప్పటిదాకా ఎలక్ట్రిక్ హీటర్లు ఇవ్వమని, అద్దె తగ్గింపు హక్కుని వదులుకోవడం లేదని రాశాను. మెకానిక్, షోర్న్‌ష్టైన్‌ఫేగర్ ఇద్దర్నీ ఒకే రోజు పిలిపించమని ప్రత్యేకంగా అడిగాను. ఆ ఒక్క వాక్యమే అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది. హీటర్లు కూడా వచ్చాయి.

ఈలోగా కెటిల్‌లో నీళ్లు కాచుకుని బకెట్లో కలుపుకుని చెంబుతో స్నానాలు. ఫోన్‌లో అమ్మ రోజూ "పిల్లకి చలి తగలనివ్వకండి నాన్నా" అనేది. బెర్లిన్‌లోనే మార్త్‌సాన్ ప్రాంతంలో ఉండే మిత్రుడు "సిగ్గుపడకుండా శని, ఆదివారాలు వచ్చెయ్యండి అన్నా, మాకు సెంట్రల్ హీటింగే" అని పట్టుబట్టి తీసుకెళ్లాడు.

ఇద్దరూ కలిసి వచ్చిన రోజు నేను సెలవు పెట్టాను. షోర్న్‌ష్టైన్‌ఫేగర్ దగ్గర పని నేర్చుకునే కుర్రాడు కప్పు మీదికెళ్లి కేబుల్ చివర ఉన్న కెమెరాని గొట్టంలోకి దింపాడు. కింద చిన్న తెర మీద నేనూ చూశాను. పైన మూత గాలికి ఎప్పుడో ఎగిరిపోయింది. పుల్లలతో పక్షి గూడు పెట్టింది. గూడు కొంత విరిగి కిందపడి, తుప్పు పెచ్చులతో కలిసి మా బాయిలర్ గొట్టం కలిసే మూతిని సగానికి పైగా మూసేసింది. గోడలో ఉన్న తనిఖీ మూత తీస్తే చేత్తో పట్టలేనంత చెత్త వచ్చింది. పుల్లలు, ఈకలు, గార ముక్కలు, పళ్లెం ఆకారంలో ఊడిన తుప్పు.

మూతి క్లియర్ అయ్యాక బరువు గుండు కట్టిన బ్రష్‌ని పైనుంచి తాడుతో దింపి తుడిచారు. ఇక్కడ ఒక మంచి విషయం నేర్చుకున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలు లైనర్‌లో మామూలు ఇనుప బ్రష్ వాడకూడదు. ఇనుము రేణువులు గీతల్లో ఇరుక్కుని, అక్కణ్నుంచే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ బ్రష్ గానీ, స్టెయిన్‌లెస్ బ్రష్ గానీ వాడాలి. మీ బిల్డింగ్‌లో ఎవరైనా తుడుస్తుంటే, ఏ బ్రష్ అని అడగడానికి మొహమాటపడకండి.

తుడిచాక కెమెరా మళ్లీ దింపితే పైపులో అక్కడక్కడా సూది పోట్ల లాంటి రంధ్రాలు కనిపించాయి. బాత్‌రూమ్‌లో వాడే క్లోరిన్ క్లీనర్లు, స్ప్రేల ఆవిర్లు మంటలోకి పోయి ఆమ్లంగా మారి స్టెయిన్‌లెస్ స్టీలుని కూడా అలా తొలుస్తాయట. రంధ్రం పడ్డ లైనర్‌ని ఎంత తుడిచినా లాభం లేదు, మార్చాల్సిందే. మెకానిక్ కూడా ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఎవరి మాట వారిదే అన్న ఇద్దరూ ఒకే తెర చూసి ఒకే మాట చెప్పాక, ఆఫీసువాళ్లకి వంక దొరకలేదు.

యజమాని పాత బాయిలర్‌ని కూడా మార్పిస్తానన్నారు. కొత్తది పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకునే రకం. దాని పొగ చల్లగా ఉంటుంది కాబట్టి సన్నటి ప్లాస్టిక్ పైపు సరిపోతుంది. మండటానికి కావలసిన గాలిని గది నుంచి తీసుకోదు. ఇటుక సందుకీ ప్లాస్టిక్ పైపుకీ మధ్య ఉన్న ఖాళీలోంచి పైనుంచి లాక్కుంటుంది. ఈ మార్పు మాకు ఎంత మేలో చెప్పలేను. పాత 24 కిలోవాట్ల బాయిలర్‌కి ఒక్కో కిలోవాట్‌కి 4 ఘనపు మీటర్ల చొప్పున 96 ఘనపు మీటర్ల గది గాలి కావాలి. బాత్‌రూమ్ అంత ఉండదు కాబట్టి తలుపుకి జాలీలు పెట్టి పక్క గదుల గాలి అందేలా చేస్తారు. 2022లో గ్యాస్ రేట్లు పెరిగాయని అందరూ కిటికీ సందుల్లో స్పాంజి టేపులు అంటించారు, కొందరు చలిగాలి వస్తోందని ఆ జాలీలకి గుడ్డలు కూడా కుక్కారు. గది గాలి మీద నడిచే బాయిలర్ ఉన్న ఇంట్లో ఇది ప్రాణాలతో చెలగాటం. మండు వేసవిలో కూడా ఇలాంటి బాయిలర్లకి ముప్పు ఉంది. బయట గాలి బాగా వేడెక్కితే గొట్టంలో పొగ పైకి లేవదు.

మార్చే పని మొదలుపెట్టేముందు ఆ ఇటుక సందుని మళ్లీ బాగా తుడవాలని షోర్న్‌ష్టైన్‌ఫేగర్ గట్టిగా చెప్పాడు. ఎన్నో ఏళ్ల బొగ్గు మసి అందులో ఉంటుంది. కొత్త బాయిలర్ గాలి పీల్చేది అక్కణ్నుంచే కాబట్టి ఆ మసి, దానిలోని గంధకం సరాసరి బాయిలర్‌లోకి పోతాయి. పాత స్టీలు పైపుని ముక్కలు ముక్కలుగా పైకి లాగారు. మసి తుడుస్తుంటే బాత్‌రూమ్ తలుపుకి ప్లాస్టిక్ షీటు కట్టినా సన్నటి నల్లపొడి హాల్లోకి వచ్చింది. నా భార్య "ఏవండీ, బట్టలన్నీ పడగ్గదిలో పెట్టి తలుపు సందులో తడిగుడ్డ పెట్టండి" అని ముందే చెప్పడం మంచిదైంది.

చివరికి ఆయన మళ్లీ వచ్చి కొలిచాడు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ బాగా తక్కువ. పైపు చుట్టూ ఉన్న ఖాళీలోని గాలిని కూడా కొలిచాడు. పైపుకి ఎక్కడైనా కన్నం ఉంటే ఆ గాలిలో ఆక్సిజన్ తగ్గి బయటపడుతుంది. అంతా సరిగ్గా ఉందని రాసిచ్చి, పాత ఎర్ర స్టిక్కర్‌ని తనతో తీసుకెళ్లాడు. ఈ రకం బాయిలర్‌కి తనిఖీ రెండేళ్లకోసారి చాలు.

మరుసటి ఏడు నెబెన్‌కోస్టెన్ బిల్లు, అంటే అద్దె మీద వేసే ఖర్చుల లెక్క, వచ్చినప్పుడు ఒక్కో వరుసా చూశాను. షోర్న్‌ష్టైన్‌ఫేగర్ తనిఖీ ఫీజు, బాయిలర్ సర్వీసింగ్ అద్దెదారు మీద వేయొచ్చు. లైనర్ రిపేరు ఖర్చు వేయకూడదు, అది యజమానిది. మా బిల్లులో ఆ రెండూ ఒకే వరుసలో కలిపేసి ఉన్నాయి. విడదీసి రశీదులు చూపించమని రాశాను. సవరించిన బిల్లు పంపారు.