35 కొనాలా, 50 కొనాలా: కోఠీలో లెన్స్ కొన్న నా అనుభవం

మా అమ్మ ఫొటోలు ఇంట్లో ట్యూబులైటు వెలుతురులోనే బాగా తీయాలని ఎప్పటి నుంచో కోరిక. నా నికాన్ డీ3400తో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో తీస్తే కదిలినట్టో, చుక్కలు చుక్కలుగానో వచ్చేవి. తక్కువ వెలుతురులో బాగా పనిచేస్తుందని విని, జూమ్ లేని 50 ఎంఎం లెన్స్ కొందామని ఒక శనివారం హైదరాబాద్ కోఠీ వెళ్లాను.

మొదటి షాపులో డబ్బా చూపించి ధర చెప్పారు, అంతే. రెండోది చిన్న షాపు. "50 డీ లెన్స్ ఉందా? ఆ పాత రకమే చవక అన్నారు" అన్నాను.

కౌంటర్ దగ్గరున్న పెద్దాయన "ముందు మీ కెమెరా బాడీ ఏదో చూపించండమ్మా" అన్నారు. చూపించాను. "దీంట్లో ఫోకస్ మోటార్ ఉండదు. డీ లెన్స్ పెడితే ఫోకస్ కోసం ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి. ఏఎఫ్-ఎస్ అని రాసున్నదే తీసుకోండి, మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది."

ఆ మాట చెప్పకపోతే నేను డీ లెన్సే తెచ్చుకునేదాన్ని.

తర్వాత గది ఎంతుంటుందని అడిగారు. పది బై పన్నెండు అన్నాను. నా కిట్ లెన్స్‌నే 50 దగ్గరకు తిప్పి, అలాంటి గదిలో మనిషికీ కెమెరాకీ మధ్య ఉండేంత దూరంలో షాపు కుర్రాణ్ని నిలబెట్టి చూడమన్నారు. ముఖం, భుజాలు తప్ప ఇంకేం పట్టలేదు. 35కి తిప్పితే నడుము దాకా వచ్చాడు. ఈ బాడీలో సెన్సర్ చిన్నది కాబట్టి 50 పెడితే 75లా, అంటే ఇంకా దగ్గరగా కనిపిస్తుందట. కొనేముందు ఈ పరీక్ష ఇంట్లోనే పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చని నాకు తట్టనే లేదు.

ఏఎఫ్-ఎస్ రకంలోనే 35 ఎంఎం 1.8 జీ తీసుకున్నాను. 1.8 అంటే లెన్స్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చెప్పే అంకె; అది ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. లెన్స్ మీది సీరియల్ నంబరు వారంటీ కార్డుతో సరిపోయిందో లేదో నన్నే చూసుకోమని, అదే నంబరు బిల్లులో రాశారు.

మర్నాడు తీసిన ఫొటోల్లో అమ్మ ముక్కుపుడక స్పష్టంగా ఉంది, కళ్లు మసక! లెన్స్ పాడేమోనని టెన్షన్ పడి, ఫొటో పంపి ఫోన్ చేశాను. ఆయన విసుక్కోలేదు. "1.8లో ఫోకస్ లోతు చాలా తక్కువమ్మా, కాస్త ముందూ వెనకా ఉన్నా మసకే. ఫోకస్‌ను సింగిల్ పాయింట్‌కి మార్చి, ఆ చుక్కను కంటి మీద ఉంచండి. 2.8లో కూడా ఒకటి తీయండి. అప్పటికీ రాకపోతే లెన్స్ తీసుకుని రండి, మార్చి ఇస్తాను."

సాయంత్రం దీపం పెట్టాక అమ్మను గుమ్మం పక్కన కూర్చోబెట్టి అలాగే తీశాను. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత బాగా వచ్చాయి. ఆ ఫొటో ముందు ఆయనకే పంపాను.