ఒట్టు వేయించుకోని చోటు

మా తమ్ముడు కొన్నేళ్లపాటు ఏటా అయ్యప్ప మాల వేసుకున్నాడు. దీక్షలో ఉన్న 41 రోజులూ చుక్క ముట్టేవాడు కాదు. తెల్లవారుజామున చన్నీటి స్నానం, నేల మీద పడక, అన్నీ నిష్ఠగా సాగేవి. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన కొద్ది రోజులకే మళ్లీ తాగుడు మొదలయ్యేది. "అన్ని రోజులు ఉండగలిగినవాడు ఆ తరువాత ఎందుకు ఉండలేడు, అంతా వాడి చేతిలోనే ఉంది" అని బంధువులు అనేవారు, మేమూ అదే నమ్మాం. అందుకే ఏళ్ల తరబడి మా ఇంట్లో తాగుడుకు మందు ఒట్టు ఒక్కటే అయింది. దేవుడి పటం ముందు ఒకటి, పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి మరొకటి, ఒట్టు తప్పిన ప్రతిసారీ వాడికి సిగ్గు, ఆ సిగ్గు మరిచిపోవడానికి మళ్లీ సీసా.

చివరికి మాల వేసుకునే శక్తి కూడా పోయింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికేవి. అన్నంలో తెలియకుండా కలిపితే మానేస్తారంటూ ఒకరు ఏదో పొడి తెచ్చి ఇస్తే, మా మరదలు దాన్ని పారబోసింది. ఆమె చేసింది ఎంత మంచి పనో తరువాత డాక్టరు చెప్పారు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ వంటి మందు ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, దాన్ని వైద్యుడే, రోగికి చెప్పి, ఒప్పించి ఇవ్వాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఇంట్లో బంధించి ఒక్కసారిగా మాన్పించడమూ అంతే ప్రమాదం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తరువాత మతి తప్పి లేనివి కనబడే స్థితి రావచ్చు. మేము ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికే వెళ్లాం. వణుకు తగ్గి ఇంటికి పంపేటప్పుడు అక్కడి డాక్టరు, మానడం వరకు ఆసుపత్రి చూసుకుంటుందని, మానిన తరువాత అలా నిలబడడానికి మనుషులు కావాలని చెప్పి, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం ఫోన్ నంబరు రాసి ఇచ్చారు.

మొదటిసారి తమ్ముడితో పాటు నేనూ వెళ్లాను. సభ్యులు మాత్రమే కూర్చునే మీటింగులు వేరు, ఇంటివాళ్లు కూడా వెళ్లగలిగే ఓపెన్ మీటింగులు వేరు. మేము వెళ్లింది రెండో రకానికి. ఎక్కడ, ఎవరెవరు ఉన్నారన్నది రాయను, అక్కడ విన్నది అక్కడే వదిలి రావాలన్న నియమం మీదే ఆ గది నిలబడి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, తాగుడు నుంచి బయటపడడానికి ఆ సంఘం పాటించే పన్నెండు మెట్లు, తెలుగులో చదివారు. ఒక్కొక్కరు పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అంటూ తన కథ తానే చెప్పుకున్నారు, మధ్యలో ఎవరూ అడ్డు తగల్లేదు. ఫీజు లేదు, చందా సంచి సభ్యుల మధ్యే తిరిగింది. చేరడానికి కావలసింది మానాలనే కోరిక ఒక్కటే.

ఇంటిల్లిపాదీ ఎదురుగా కూర్చుని బుద్ధి చెప్పడానికే అలవాటుపడిన నాకు, అక్కడ మా తమ్ముడికి ఎవరూ సలహా ఇవ్వకపోవడం వింతగా తోచింది. ఒట్టు అడగలేదు. జీవితాంతం మానతావా అనీ అడగలేదు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉంటే చాలన్నారు. మీటింగు అయ్యాక ఒక పెద్దాయన వాడి చెయ్యి పట్టుకుని, "నువ్వు రావడం వల్ల ఈ రోజు నాకు మేలు జరిగింది బాబూ" అన్నారు. ఆ మాట మర్యాదకు అన్నది కాదని ఆ సంఘం పుట్టుక గురించి తెలుసుకున్నాక అర్థమైంది. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో, వ్యాపారం బెడిసికొట్టి మళ్లీ తాగాలనిపించిన బిల్ విల్సన్, తనను తాను కాపాడుకోవడానికే మరో తాగుబోతు కోసం వెతికాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్, వాళ్లిద్దరితోనే ఈ సంఘం మొదలైంది. మేము తమ్ముడికి చెప్పినంతకాలం వాడు మా ముందు దోషిగానే నిలబడ్డాడు. ఈ గదిలో మాత్రం వాడి వల్ల ఇంకొకరికి ఉపయోగం కలిగింది. ఇన్నేళ్లలో ఏ ఒట్టూ వాడికి ఆ గౌరవం ఇవ్వలేదు.

అందరికీ ఇది సరిపడుతుందని నేను అనను. దైవశక్తి ప్రస్తావన కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. నేను వెళ్లిన చోట ఆడవాళ్లు చాలా తక్కువ, తాగే స్త్రీ బయటపడితే మన సమాజం ఏమంటుందో తెలిసిందే కనుక అది నన్ను బాధపెట్టింది. అయినా వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష, ఈ పద్ధతి పూర్తిగా మానేసి నిలబడడంలో ఇతర చికిత్సలతో సమానంగా లేదా మెరుగ్గా పనిచేస్తుందని తేల్చింది. మధ్యలో ఒకసారి తమ్ముడు తాగాడు. తిరిగి వెళ్లినప్పుడు వాళ్లు కుర్చీ చూపించి టీ ఇచ్చారే తప్ప సంజాయిషీ అడగలేదు.

1992లో దూబగుంట స్త్రీలు సారాపై పోరాడిన నెల్లూరు జిల్లా మాది. ఆ పోరాటం మీద నాకు ఎంతో గౌరవం. కానీ దుకాణం మూతపడ్డాక, వణుకుతున్న చేతులతో మిగిలిన మనిషి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు మన ఊళ్లలో ఇప్పటికీ జవాబు సరిగా అందడం లేదు.

వెతుకుతున్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గాని, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన టెలి మానస్ 14416కు గాని ఫోన్ చేయవచ్చు. సంఘంవాళ్లతో మాట్లాడినప్పుడు దగ్గరలో ఓపెన్ మీటింగు ఎప్పుడో, తెలుగులో జరుగుతుందో లేదో అడగండి. ఇంటివాళ్ల కోసం ఆల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది, మా మరదలు ఇప్పుడు అక్కడికి వెళుతోంది. ఇక మీటింగు మాట మనిషితో పొద్దున పూట, తాగి లేనప్పుడే ఎత్తండి.