ప్రమాద పరిహారంలో ఎవరి వాటా ఎంత?

రోడ్డు ప్రమాదంలో ఇంటి పెద్ద మరణించినప్పుడు వచ్చే పరిహారాన్ని వారసులందరూ ఆస్తిలాగే సమానంగా పంచుకోవాలని మనలో చాలామంది అనుకుంటారు. కానీ అందులో అధిక భాగం మృతుడు విడిచి వెళ్లిన ఆస్తి కాదు, అతని సంపాదనపై ఆధారపడి బతికినవారికి కలిగిన నష్టానికి బదులుగా వచ్చే సొమ్ము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 168వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్ము ఎవరెవరికి చెల్లించాలో ప్రమాద పరిహార కేసులను విచారించే ట్రిబ్యునలే పేర్కొనాలి. వాటాల శాతాలను మాత్రం చట్టం ముందే నిర్ణయించలేదు. అందువల్ల భార్యకు, చదువుకునే పిల్లలకు ఎక్కువగా, తల్లికి కొంత కేటాయించడం తరచుగా కనిపిస్తుంది.

చిక్కంతా మృతుడి తండ్రి విషయంలోనే. వేరే సాక్ష్యం లేకపోతే తండ్రికి సొంత ఆదాయం ఉంటుందనే, అంటే ఆయన కొడుకుపై ఆధారపడలేదనే భావించాలని 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకు పంపే డబ్బుతోనే మందులు కొనుక్కునే ముసలి కౌలు రైతుకు ఈ భావన అన్యాయమేనని నా అభిప్రాయం. అలాంటివారు నెలనెలా డబ్బు జమ అయినట్టు చూపే బ్యాంకు పాస్‌బుక్కును తప్పక దాఖలు చేయాలి.

మైనర్ల వాటాను సాధారణంగా వారు మేజర్లయ్యేవరకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచుతారు. ఈలోగా చదువు ఖర్చులకు అవసరమైతే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసి, అనుమతితో తీసుకోవచ్చు.