లోపలున్న పిల్లలకి జబ్బు చేస్తే

సంక్రాంతికి రాజోలు వచ్చినప్పుడు మావయ్య అందరి ముందూ అనేశారు: "దొంగతనాలు చేసినోళ్ళకి మందులివ్వడానికా అమ్మాయ్, మీ నాన్న పొలం అమ్మి నిన్ను నర్సింగు చదివించింది?" పెద్దాయనకి ఎదురు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ మనసులో అదే నలుగుతోంది.

ఇంగ్లండులో 15 నుంచి 17 ఏళ్ళ మగపిల్లల్ని ఉంచే జైల్లో నర్సుని నేను. అక్కడ ప్రభుత్వ జైళ్ళలో వైద్యం బాధ్యత 2006 నుంచి ఆ దేశపు ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌దే. బయటివాళ్ళకి ఎలాంటి వైద్యమో లోపలివాళ్ళకీ అలాంటిదే అందాలి. కోర్టు నుంచి వ్యాను ఎంత ఆలస్యంగా వచ్చినా, కొత్త కుర్రాణ్ణి ఆ రాత్రి పడుకునేలోపే నర్సు చూడాలి. ఆస్తమా ఉందా, ఫిట్స్ వస్తాయా, ఏం మందులు వాడుతున్నాడు, మత్తు అలవాటుందా, చచ్చిపోవాలనిపిస్తోందా, అన్నీ అడుగుతాం. మొదటి రాత్రంటే మాకు చాలా టెన్షన్.

మావయ్యా, ఒక్క పారాసిటమాల్ సంగతే చూడండి. మనకి తలనొప్పొస్తే సెంటర్లో మెడికల్ షాపుకెళ్తాం, లేదా ఆర్‌ఎంపీ గారికి ఫోన్ చేస్తాం. ఆ కుర్రాడు ఎక్కడికెళ్తాడు? గంట నొక్కాలి, ఆఫీసరు రావాలి, ఆయన మాకు చెప్పాలి. పన్ను నొప్పితో ఎంత మెలికలు తిరిగినా తలుపు వాడి చేతుల్లో లేదు. తాళం వేసినవాళ్ళే మందూ ఇవ్వాలి కదా. బళ్ళో ఎవడికి జ్వరమొచ్చినా సైకిలెక్కించుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్ళిన హెడ్‌మాస్టరు మీరు. వాడు జామకాయలు దొంగిలించాడా అని ఏనాడైనా అడిగారా?

అక్కడా అంతా సవ్యంగా లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఆఫీసర్లు తోడుండాలి. మనుషులు చాలని రోజు అపాయింట్‌మెంటు రద్దవుతుంది. నాకు అంతకంటే కోపం తెప్పించేది, అంత డబ్బున్న దేశంలో చిన్నప్పటి టీకాలు పూర్తిగా పడని పిల్లలు, పళ్ళ డాక్టరు మొహం చూడని పిల్లలు మా దగ్గరకి రావడం. మన లంకల్లో టీకా రోజున బిడ్డ కనబడకపోతే ఆశా అక్క ఇంటికొచ్చి తల్లిని నిలదీస్తుంది. ఆ జైలు పిల్లల్లో కొందరు చిన్నప్పట్నుంచీ ఒకరింటి నుంచి ఇంకొకరింటికి మారుతూ పెరిగినవాళ్ళు. వెంటపడి అడిగే మనిషే లేదు. మన పిల్లాడికి అలాంటి కష్టమొస్తే అత్తలూ పిన్నులూ క్యారియర్లు పట్టుకుని బయల్దేరతారు. అక్కడ చూడ్డానికి ఎవరూ రాని పిల్లలున్నారు. అది చూసినప్పుడల్లా ఇల్లు గుర్తొస్తుంది.

మన చట్టమేం తక్కువ కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 నిండనివాణ్ణి లాకప్‌లోనూ జైల్లోనూ పెట్టకూడదు. కేసుల్లో ఇరుక్కున్న పిల్లల్ని ఉంచే హోమ్‌లో చేరిన 24 గంటల్లో డాక్టరు చూడాలని, నెలనెలా పరీక్ష చేసి రికార్డు రాయాలని 2016 నమూనా నియమాల్లో ఉంది. కానీ "దొంగవెధవకి డాక్టరెందుకు" అని ఊరంతా అనుకుంటుంటే, ఆ రికార్డు నిజంగా రాస్తున్నారా అని ఎవరడుగుతారు?

అమలాపురం, భీమవరం నుంచి నర్సింగు అమ్మాయిలు నాకు ఫోన్ చేసి ఉద్యోగాల గురించి అడుగుతుంటారు. జైలు అనగానే వెనక్కి తగ్గుతున్నారు. భయపడకండమ్మా. విదేశమే వెళ్ళక్కర్లేదు, మన హోమ్‌లలోనూ నర్సు పని ఉంటుంది. ముందు అక్కడ అడగండి.